తరగతి గోడ మీది శిలువ, ఉపాధ్యాయిని తల మీది వస్త్రం

చాలా ఏళ్ల క్రితం, నేను పాఠాలు చెప్పే రోజుల్లో, తలకు వస్త్రం చుట్టుకుని వచ్చే ఒక విద్యార్థినిని తరగతి మొత్తం వింటుండగా ఒక ప్రశ్న అడిగాను. "ఇది నీ ఇష్టంతో వేసుకుంటున్నావా అమ్మా, ఇంట్లోవాళ్లు వేసుకోమంటున్నారా?" అన్నాను. ఆ పిల్లకు మేలు చేస్తున్నానన్న నమ్మకంతోనే అడిగాను. బలవంతం ఉంటే చెప్పుకోవడానికి ఒక పెద్దమనిషి దొరికాడనుకుంటుందని నా ఊహ. ఆమె తల దించుకుంది, జవాబు చెప్పలేదు. అంతవరకూ ఏ లెక్క ఇచ్చినా అందరికంటే ముందు చెయ్యెత్తే ఆ అమ్మాయి ఆ ఏడాది చివరిదాకా నా తరగతిలో మళ్లీ చెయ్యెత్తలేదు. ఆ మౌనానికి కారణం నేనేనని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. గ్రహించాక క్షమాపణ చెప్పే అవకాశం మిగల్లేదు.

ఆ రోజుల్లో నేను ఫ్రాన్సు ప్రభుత్వ పాఠశాలల్లో మతచిహ్నాలను నిషేధించిన చట్టాన్ని గట్టిగా సమర్థించేవాణ్ని. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. రాజ్యానికి మతం ఉండకూడదని, బడిలోకి మతం రాకూడదని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. మారింది ఆ నమ్మకం కాదు. దాన్ని కాపాడుకోవాలంటే మనుషుల ఒంటి మీది మతవస్త్రాలను నిషేధించే చట్టాలను వ్యతిరేకించక తప్పదన్న నిర్ణయానికి ఆలస్యంగా వచ్చాను. ఎలా వచ్చానో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఏ చట్టాల గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. 1989లో ఫ్రాన్సులోని క్రేయ్ పట్టణంలో ముగ్గురు బాలికలు హిజాబ్ తీయడానికి నిరాకరించడంతో వారిని బడినుంచి పంపివేశారు. ఆ వివాదం పదిహేనేళ్లు నలిగి, 2003లో అధ్యక్షుడు జాక్ షిరాక్ నియమించిన స్టాసీ సంఘం సిఫార్సు మీదుగా 2004 మార్చి 15న చట్టరూపం తీసుకుంది. మత విశ్వాసాన్ని కొట్టొచ్చినట్టు ప్రదర్శించే గుర్తులను, దుస్తులను ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు ధరించరాదన్నది దాని సారాంశం. దిగువ సభలో ఆ బిల్లుకు అనుకూలంగా 494 ఓట్లు, వ్యతిరేకంగా 36 ఓట్లు వచ్చాయి. 2010లో ముఖాన్ని కప్పే వస్త్రాలను బహిరంగ ప్రదేశాలన్నింటిలోనూ నిషేధిస్తూ మరో చట్టం వచ్చింది. ఆ తరహా నిషేధాలు తర్వాత బెల్జియం, ఆస్ట్రియా, డెన్మార్కులలోనూ వచ్చాయి. 2021లో స్విట్జర్లాండులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 51 శాతానికి కాస్త పైగా ఓటర్లు సరేనన్నారు. ఇక కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 2019 జూన్ 16న చేసిన చట్టం విద్యార్థులను వదిలి ఉద్యోగుల మీదికి వెళ్లింది. ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు, పోలీసులు, జైలు అధికారులు, ప్రభుత్వ న్యాయవాదులు విధుల్లో ఉన్నప్పుడు ఏ మతచిహ్నమూ ధరించరాదని అది శాసిస్తుంది.

ఈ చట్టాల వెనుక ఉన్న వాదాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే ఒకప్పుడు అది నా వాదమే. ప్రభుత్వ ఉద్యోగి వ్యక్తిగా మాట్లాడడు, రాజ్యం తరఫున మాట్లాడతాడు. అతని ముందు నిలబడిన పౌరుడు ఏ మతానికి చెందినవాడైనా, ఏ మతమూ లేనివాడైనా, ఇక్కడ తనకు న్యాయం జరుగుతుందన్న భరోసాతో నిలబడగలగాలి. ముఖ్యంగా చిన్నపిల్లలు టీచరును చూసి నేర్చుకుంటారు. ఆమె మాటనే కాదు, నడకనూ అనుకరిస్తారు. కాబట్టి ఆమె ఒంటి మీది మతచిహ్నం నోరు తెరవకుండానే పాఠం చెబుతుంది. క్యూబెక్ విషయంలో దీనికి చారిత్రక కారణం కూడా ఉంది. 1960ల వరకు అక్కడ బళ్లు, ఆసుపత్రులు చాలా మేరకు కాథలిక్ చర్చి చేతిలో ఉండేవి. ఆ పట్టునుంచి బయటపడడానికి పోరాడిన తరం మతం మళ్లీ బడి గుమ్మం తొక్కుతుందేమోనని భయపడితే ఆ భయాన్ని అర్థం చేసుకోగలను.

నా నమ్మకం మొదటిసారి కదిలింది రెండు తీర్పులను పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు. రెండూ యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఇచ్చినవే. మొదటిది 2001 ఫిబ్రవరి నాటిది. స్విట్జర్లాండులోని జెనీవాలో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని 1991లో ఇస్లాం స్వీకరించి, తలకు వస్త్రం కట్టుకుని పాఠాలు చెప్పేది. ఏళ్ల తరబడి అలాగే చెప్పింది. తల్లిదండ్రులెవరూ ఫిర్యాదు చేయలేదు, పిల్లలెవరూ ఇబ్బంది పడలేదు, ఆమె ఎవరికీ మతం బోధించలేదు. అయినా 1996లో అధికారులు దాన్ని తీసేయమన్నారు. న్యాయస్థానం ఆమె ఫిర్యాదును విచారణకు స్వీకరించలేదు. ఆ వస్త్రాన్ని "శక్తిమంతమైన బాహ్య చిహ్నం" అని వర్ణించి, నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసు పిల్లల మీద దాని ప్రభావం ఏమీ ఉండదని చెప్పలేమంది.

రెండోది 2011 మార్చి నాటిది. ఇటలీలో అప్పట్లో ప్రభుత్వ పాఠశాలల తరగతి గోడలకు శిలువ వేలాడేది. తన పిల్లలు మతప్రమేయం లేని బడిలో చదువుకోవాలని కోరుకున్న ఒక తల్లి దాన్ని తీయించాలని కోర్టుకు వెళ్లింది. 2009లో ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆమెకు అనుకూలంగా తీర్పు చెప్పారు. రెండేళ్లకు విస్తృత ధర్మాసనం 15-2 మెజారిటీతో దాన్ని తిరగరాసింది. గోడ మీది శిలువ సారంలో "నిష్క్రియమైన చిహ్నం" అనీ, ఉపాధ్యాయుడి మాటతోనో మత కార్యక్రమాలతోనో సమానమైన ప్రభావం పిల్లల మీద దానికి ఉంటుందనలేమనీ చెప్పింది. జెనీవా కేసుకూ దీనికీ వాస్తవాలు వేరని న్యాయమూర్తులు రాసుకున్నారు. ఏ దేశానికి ఆ దేశం తన సంప్రదాయాన్ని బట్టి నిర్ణయించుకునే వెసులుబాటు ఇచ్చామన్నారు. న్యాయశాస్త్రం దృష్టిలో ఆ మాటకు విలువ ఉండవచ్చు. పాఠం చెప్పినవాడిగా మాత్రం నాకది మింగుడుపడలేదు.

ఎందుకంటే రాజ్యం తటస్థంగా ఉందా లేదా అన్న ప్రశ్నకు ఈ రెండింటిలో నిజంగా సంబంధం ఉన్నది గోడకే. గోడ రాజ్యానిది. దానికి మేకు కొట్టి శిలువను తగిలించమన్నది రాజ్యపు ఉత్తర్వు. ఆ గోడకు సొంత మనస్సాక్షి లేదు, సొంత విశ్వాసం లేదు. అది ఏమి చెబితే అది రాజ్యం చెప్పినట్టే. తల మాత్రం ఆ ఉపాధ్యాయినిది. సాయంత్రం బడి గంట కొట్టాక ఆ తలతోనే ఇంటికి వెళుతుంది. ఆ వస్త్రం చూసిన పిల్లవాడికి అర్థమయ్యేది మా టీచరు ఫలానా మతస్థురాలని మాత్రమే. మా ప్రభుత్వానిది ఫలానా మతమని ఏ పిల్లవాడూ అనుకోడు. మరి గోడ మౌనంగా ఉందనీ, తల అరుస్తోందనీ కోర్టుకు ఎందుకు అనిపించింది? అలవాటు వల్ల. పుట్టినప్పటినుంచీ చూస్తున్న గుర్తు కంటికి ఆనదు, కొత్తది కంట్లో పొడుస్తుంది. ఎక్కువమంది కంటికి ఆననిదాన్ని తటస్థమనీ, ఆనినదాన్ని ప్రదర్శన అనీ పిలవడం నాకు తెలిసిన లౌకికవాదం కాదు. నేను సమర్థించిన ఫ్రెంచి చట్టం కూడా చిన్న శిలువను మెడలో ఉంచుకోనిచ్చింది, హిజాబునూ సిక్కు బాలుడి తలపాగానూ తీయమంది. చిన్నది, పెద్దది అన్న కొలత అందరికీ ఒకటే అయినా, ఎవరి మతం చిన్న గుర్తుతో సరిపెట్టుకోగలదో, ఎవరిది సరిపెట్టుకోలేదో ఆ కొలత గీసినవాళ్లకు తెలియని సంగతి కాదు. తలపాగా తీయనందుకు బడినుంచి బహిష్కృతుడైన ఒక సిక్కు విద్యార్థి హక్కుల్ని ఫ్రాన్సు ఉల్లంఘించిందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో తేల్చింది. చట్టం మాత్రం మారలేదు.

క్యూబెక్ శాసనసభలో సభాపతి ఆసనం పైన 1936 నుంచీ ఒక శిలువ ఉండేది. ఉద్యోగుల మతచిహ్నాలను నిషేధించే ఆలోచన మొదలైన కొత్తలో, ఆ శిలువ మతానిది కాదు, మా వారసత్వానిదన్నారు నాయకులు. విమర్శలు వచ్చాక 2019 జులైలో దాన్ని సభామందిరంలోంచి తీసేశారు. తీసినందుకు సంతోషమే. కానీ గోడ మీది శిలువ వారసత్వమని ఇట్టే తోచిన మనసుకు, ఒక స్త్రీ తల మీది వస్త్రం కూడా ఆమెకు వచ్చిన వారసత్వమేనని ఎందుకు తోచలేదో నాకు అర్థం కాదు.

ఇది ముస్లింల గురించి మాత్రమే పుట్టిన గొడవ అనుకునేవాళ్లు అమెరికా చరిత్రను ఒకసారి చూడాలి. 1894లో పెన్సిల్వేనియా రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కాథలిక్ సన్యాసినులు తమ మతవస్త్రాలతోనే ప్రభుత్వ బడిలో పాఠం చెప్పవచ్చునని తీర్పిచ్చింది. మరుసటి ఏడాదే శాసనసభ ఉపాధ్యాయులు మతవస్త్రాలు, మతచిహ్నాలు ధరించడాన్ని నిషేధించింది. 1923లో ఆరెగన్ రాష్ట్రం అలాంటి చట్టాన్నే తెచ్చినప్పుడు దాని వెనుక కూ క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి ఆధిపత్యవాద సంస్థ ప్రాబల్యం ఉంది. వారి మాటలు చదువుతుంటే నేటి మాటల్లాగే ఉంటాయి: బడి అందరిది, పిల్లల మనసు లేతది, ప్రభుత్వం ఏ మతం పక్షానా ఉండకూడదు. మాటలన్నీ లౌకికం, గురి మాత్రం కాథలిక్కుల మీద. ఆరెగన్ తన చట్టాన్ని 2010లో రద్దు చేసుకుంది, పెన్సిల్వేనియా 2023లో. అప్పటి సన్యాసినిని చూసి ఈరోజు ఎవరూ భయపడరు. ఆమె బట్ట మారలేదు. చూసేవాళ్ల కన్ను మారింది.

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు కూడా ఒకచోట ఆగిపోతారు. నేనూ చాలాకాలం అక్కడే ఆగిపోయాను. తటస్థత సంగతి సరే, మరి బలవంతం మాటేమిటి? తండ్రి కోపానికో, వీధిలోవాళ్ల మాటలకో భయపడి తల కప్పుకునే అమ్మాయికి చట్టం అండ కాదా? "బడిలో ఒప్పుకోరు నాన్నా" అని చెప్పుకునే సాకైనా దొరకదా? ఈ వాదం మంచి మనసులోంచి పుట్టింది. స్టాసీ సంఘం ముందు సాక్ష్యమిచ్చినవారిలో అలాంటి అమ్మాయిల పక్షాన మాట్లాడినవాళ్లు ఉన్నారు, వాళ్ల బాధ నిజం. ఆ రోజు తరగతిలో నేను వేసిన ప్రశ్న కూడా ఈ వాదంలోంచి వచ్చిందే.

అయితే బలవంతం జరుగుతోందనే అనుకుందాం. దానికి శిక్ష పడుతున్నదెవరికి? 2010 నాటి ఫ్రెంచి చట్టం కాగితం మీద ఇద్దరినీ ప్రస్తావించింది. ముఖం కప్పుకున్న స్త్రీకి 150 యూరోల వరకు జరిమానా. ఆమెను బెదిరించి కప్పించినవాడికి ఏడాది వరకు జైలు, 30,000 యూరోల జరిమానా. చూడడానికి న్యాయంగానే ఉంది. కానీ ముఖం కప్పుకున్న స్త్రీ వీధిలో ప్రతి పోలీసుకూ కనిపిస్తుంది. నాలుగు గోడల మధ్య బెదిరించినవాడు కనిపించడు, అతని మీద సాక్ష్యం చెప్పాల్సింది కూడా ఆ స్త్రీయే. కాబట్టి జరిమానాలు ఎప్పుడూ ఆమె చేతికే వస్తాయి. బెదిరించేవాడు నిజంగానే ఉంటే అతను చేసేది ఒకటే, ఆమెను గడప దాటనివ్వడు. బలవంతానికి గురైన మనిషికి బయటి ప్రపంచాన్ని దూరం చేసే చట్టం బలవంతం చేసేవాడికి ఎదురు నిలిచిందని ఎలా అనగలం?

ఇరాన్ చరిత్ర దీనికి పెద్ద ఉదాహరణ. 1936లో రెజా షా ఆధునికత పేరుతో పరదాను నిషేధించాడు. పోలీసులు వీధుల్లో స్త్రీల తలల మీది వస్త్రాలు లాగేశారు. ఎందరో స్త్రీలు నెలల తరబడి ఇల్లు కదలడమే మానుకున్నారు. 1941లో అతను సింహాసనం దిగాక ఆ ఆజ్ఞ సడలిపోయింది. 1979 విప్లవం తర్వాత వచ్చిన ప్రభుత్వం దారి పూర్తిగా తిప్పి, 1983 నాటికి తల కప్పుకోని స్త్రీకి 74 కొరడా దెబ్బల వరకు శిక్షను శాసనంలో రాసింది. 2022 సెప్టెంబరులో హిజాబ్ సరిగా లేదన్న ఆరోపణతో అదుపులోకి తీసుకున్న మహ్సా అమీనీ అనే 22 ఏళ్ల యువతి ప్రాణాలు కోల్పోయింది. ఆమె కోసం వీధుల్లోకి వచ్చిన స్త్రీలు తలవస్త్రాలను మంటల్లో వేశారు. తీయమన్న రాజు, వేయమన్న మతపెద్దలు ఒకరికొకరు శత్రువులే కావచ్చు. స్త్రీ తల మీద ఏముండాలో పోలీసు నిర్ణయించాలన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. తలవస్త్రాన్ని కాల్చిన ఇరాన్ స్త్రీని, తలవస్త్రం తీయనన్న క్యూబెక్ ఉపాధ్యాయినిని నేను ఒకే పక్షాన చూస్తాను. వాళ్లిద్దరిలో ఎవరి మీద గౌరవం ఉన్నా రెండోవారి మీద కూడా ఉండి తీరాలని నా అభిప్రాయం.

తుర్కియే (టర్కీ)లో వైద్య విద్యార్థిని లేలా షాహిన్ కథ కూడా ఇక్కడ చెప్పాలి. ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం 1998లో జారీ చేసిన ఉత్తర్వు వల్ల ఆమెను పరీక్షలు రాయనివ్వలేదు, తరగతుల్లో కూర్చోనివ్వలేదు. ఆమె దేశం విడిచి వియన్నాలో చదువు కొనసాగించింది. 2005లో యూరోపియన్ న్యాయస్థానం విస్తృత ధర్మాసనం 16-1తో తుర్కియే ప్రభుత్వాన్నే సమర్థించింది. ఆ ఒక్క భిన్నాభిప్రాయం బెల్జియంకు చెందిన న్యాయమూర్తి ఫ్రాన్స్వాజ్ టుల్కెన్స్‌ది. వయోజనురాలైన ఒక విశ్వవిద్యాలయ విద్యార్థిని, తాను ఇష్టపూర్వకంగా ధరిస్తున్నానని చెబుతుంటే, ఆమె సమానత్వం కోసమే ఆమెను ఆపుతున్నామనడం ఎలా కుదురుతుందని ఆమె నిలదీసింది. ఈ చర్చ అంతటిలో వినిపించనిది తలవస్త్రం ధరించే స్త్రీల అభిప్రాయం, ధరించని స్త్రీల అభిప్రాయం అని కూడా రాసింది. ఆ వాక్యం చదివిన రోజు నాకు నా తరగతి గుర్తొచ్చింది. నేను ఆ అమ్మాయి అభిప్రాయం అడిగాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి నేను అడిగింది అభిప్రాయం కాదు. నా ప్రశ్నలో రెండే జవాబులున్నాయి, ఏది చెప్పినా అందరి ముందూ ఎవరో ఒకరి పరువు పోతుంది: తనదో, తన తల్లిదండ్రులదో.

తొమ్మిదేళ్లకు అదే న్యాయస్థానం ముఖవస్త్ర నిషేధంపై ఫ్రాన్సును సమర్థించినా, ఒక ముఖ్యమైన మాట ఒప్పుకుంది. ఒక స్త్రీ తానే కోరి సమర్థించుకుంటున్న ఆచారాన్ని నిషేధించడానికి స్త్రీ సమానత్వాన్ని కారణంగా చూపలేమన్నది ఆ మాట. భద్రత కారణం కూడా అంత విస్తృత నిషేధానికి చాలదంది. చివరికి నిలిచింది "కలిసి జీవించడం" అనే ఒక్క కారణమే. ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తేనే కలిసి జీవించగలమట. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు అదే దేశం ముక్కూ నోరూ కప్పుకోవాలని అందరినీ ఆదేశించింది, ఆ నిషేధం మాత్రం చట్టంలో అలాగే ఉంది. నెలల తరబడి ముఖాలు కనిపించకుండానే జనం ఒకరికొకరు సాయపడ్డారు.

ఈ నిషేధాల వల్ల ఆడపిల్లల చదువుకు మేలు జరిగిందా, కీడు జరిగిందా? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు 2020లో ప్రచురించిన అధ్యయనం 2004 చట్టం ముస్లిం బాలికల మాధ్యమిక విద్యను దెబ్బతీసిందని తేల్చింది. 1994 నాటి మంత్రిత్వ శాఖ సర్క్యులర్‌ను పరిశీలించిన మరో అధ్యయనం దానికి భిన్నంగా, వారి చదువు మెరుగుపడిందంది. నాకు అనుకూలమైనది ఒకటే చెప్పి రెండోది దాచడం సబబు కాదు. కానీ సగటున కొందరి మార్కులు పెరిగాయని తేలినా, గుమ్మం దగ్గర ఆపేసిన పిల్లకు ఆ సగటు ఏమి జవాబు చెబుతుంది?

మరో చిక్కు ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. మతవస్త్రాన్ని నిషేధించాలంటే ఏది మతవస్త్రమో రాజ్యం నిర్ణయించాలి. మతంతో సంబంధం వద్దనుకున్న రాజ్యం చివరికి మతపండితుడి పీట ఎక్కి కూర్చుంటుంది. 2023 ఆగస్టులో ఫ్రాన్సు విద్యాశాఖ పొడవాటి అబాయా గౌనును బళ్లలో నిషేధించినప్పుడు అది మతవస్త్రమే కాదని ముస్లిం మతసంస్థ చెప్పింది, మతవస్త్రమేనని ప్రభుత్వం చెప్పింది. అలాంటి పొడవాటి గౌను మరో మతపు అమ్మాయి వేసుకుంటే అది ఉత్త గౌను. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడిన ఉద్యోగి చూడాల్సింది బట్టనా, ఆ అమ్మాయి పేరునా?

మన దేశపు న్యాయస్థానాలు ఈ పీట 1954 నుంచీ ఎక్కుతూనే ఉన్నాయి. శిరూరు మఠం కేసులో మొదలైన "అత్యావశ్యక మతాచారం" అనే కొలమానంతో, ఏ ఆచారం మతానికి ప్రాణమో ఏది కాదో న్యాయమూర్తులు తేలుస్తున్నారు. కర్ణాటక హైకోర్టు 2022 మార్చి 15న హిజాబ్ ఇస్లాంలో అత్యావశ్యక ఆచారం కాదని చెప్పి తరగతి గదుల్లో నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం రెండుగా చీలింది. జస్టిస్ హేమంత్ గుప్తా నిషేధాన్ని సమర్థించగా, జస్టిస్ సుధాంశు ధూలియా ఇది అత్యావశ్యకమా కాదా అన్న చర్చే అనవసరమనీ, చివరికి ఇది ఆ అమ్మాయి ఎంపికకు, ఆమె చదువుకు సంబంధించిన విషయమనీ రాశారు. ఇదే దేశపు రాజ్యాంగం 25వ అధికరణం వివరణలో, కిర్పాణ్ అనే చిన్న కత్తిని ధరించడం సిక్కు మతావలంబనలో భాగమని ఏ పండితుణ్నీ అడగాల్సిన పని లేకుండా ఆనాడే రాసిపెట్టింది.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన తీర్పు దక్షిణాఫ్రికాది. డర్బన్‌లోని ఒక బాలికల ఉన్నత పాఠశాలలో, దక్షిణ భారత మూలాలున్న తమిళ హిందూ కుటుంబానికి చెందిన విద్యార్థిని ముక్కుపుడక పెట్టుకుని వచ్చింది. నిబంధనలు ఒప్పుకోవు, తీసేయమన్నారు. ఈడొచ్చిన ఆడపిల్లకు ముక్కు కుట్టించి ముక్కుపుడక పెట్టడం తమ ఇంటి పద్ధతి అని తల్లి చెప్పింది. ఇది మీ మతంలో తప్పనిసరా అని అడిగితే, తప్పనిసరి అని ఎవరూ చెప్పలేని సంగతి అది. 2007 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం ప్రధాన న్యాయమూర్తి పయస్ లాంగా, తప్పనిసరి కాకపోయినా మనస్ఫూర్తిగా పాటించే ఆచారానికి కూడా రక్షణ ఉంటుందని రాశారు. ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు ఇంకా ఎవరెవరో వస్తారన్న పాఠశాల భయానికి, వస్తే రానివ్వండి, అది మన బడులను సుసంపన్నం చేసే వైవిధ్యమేనని సమాధానం చెప్పారు. ఆ తీర్పు చదివేటప్పుడు ఒక్క క్షణం హిజాబు స్థానంలో ముక్కుపుడకను ఊహించుకోండి. మతం, ఆచారం, అమ్మమ్మ జ్ఞాపకం, అలంకారం కలిసిపోయిన ఆ చిన్న నగలో ఎంత పాలు మతమో చెప్పమంటే మన ఇళ్లలో ఎవరైనా చెప్పగలరా? చెప్పలేనంత మాత్రాన తీసేస్తారా?

హద్దులే ఉండకూడదని నేనడం లేదు. విమానాశ్రయంలో గుర్తింపు పత్రంతో ముఖాన్ని పోల్చి చూడాలి. శస్త్రచికిత్స గదిలో వేలాడే అంచులు ఉండకూడదు. సాక్షి ముఖం కనిపించాలా వద్దా అన్న ప్రశ్న ముద్దాయి స్వేచ్ఛతో ముడిపడినది కాబట్టి, కెనడా సుప్రీంకోర్టు 2012లో చెప్పినట్టు కేసు కేసుకూ తూచి చూడాలి. ఇవన్నీ ఒక పనితో ముడిపడిన హద్దులు. పని అయిపోగానే హద్దు అయిపోతుంది, అవి అన్ని మతాలవారికీ ఒకే అవసరం కోసం వర్తిస్తాయి, అవసరానికి మించి ఒక్క అంగుళం కూడా ముందుకు పోవు. క్యూబెక్‌లోనే ఒక సిక్కు విద్యార్థి కిర్పాణ్‌తో బడికి రావచ్చా అన్న వివాదం వచ్చినప్పుడు, 2006లో అదే సుప్రీంకోర్టు దాన్ని ఒరలో పెట్టి, గుడ్డలో చుట్టి కుట్టేసి, దుస్తుల లోపల ఉంచుకుంటే చాలునని తేల్చింది. ఆయుధంలా కనిపించే వస్తువు విషయంలోనే సూదీదారంతో పరిష్కారం దొరికింది. ఎవరినీ గాయపరచలేని తలగుడ్డ విషయంలో అది కూడా అక్కరలేదు.

టీచరు పక్షపాతం చూపితే శిక్షించండి. మతం బోధిస్తే ఉద్యోగంలోంచి తీసేయండి. ఒక మతపు పిల్లలకు మార్కులు తగ్గిస్తే తగ్గించిన కాగితం సాక్ష్యంగా ఉంటుంది. పక్షపాతాన్ని పనిలో వెతకాలి. ఏ గుర్తూ లేని మెడతో, నున్నగా దువ్విన తలతో వచ్చి జీవితమంతా పక్షపాతం చూపిన ఉపాధ్యాయులను నేను చూశాను. ఏ చట్టమూ వాళ్లను పట్టుకోలేదు, ఎందుకంటే వాళ్ల మతం వాళ్ల ఒంటి మీద లేదు.

క్యూబెక్ చట్టంలో నన్ను వదలకుండా వెంటాడుతున్న ఒక నిబంధన ఉంది. చట్టం ప్రతిపాదించిన 2019 మార్చి నాటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు అదే సంస్థలో అదే పనిలో కొనసాగినంతకాలం తమ మతచిహ్నాలు ఉంచుకోవచ్చు. దయగా కనిపించే ఈ నిబంధనే మొత్తం చట్టం కారణాన్ని తినేస్తుంది. హిజాబ్ నిజంగా పిల్లలకు హాని చేసేదైతే పాత ఉపాధ్యాయిని హిజాబ్ కూడా హాని చేయాలి కదా? ఒకే బడిలో రెండు పక్కపక్క గదులు, రెండు తలవస్త్రాలు. 2019 మార్చి ఒకదాన్ని చట్టబద్ధం చేసి రెండోదాన్ని నిషిద్ధం చేసింది. 2015 నుంచి 2021 వరకు తలపాగాతోనే కెనడా రక్షణ మంత్రిగా పనిచేసిన హర్జీత్ సజ్జన్, అదే తలపాగాతో మాంట్రియల్ ప్రభుత్వ బడిలో కొత్తగా టీచరుగా చేరలేడు. కెనడా రాజ్యాంగంలోని హక్కుల పత్రాన్ని పక్కన పెట్టనిచ్చే 33వ సెక్షన్‌ను ఉపయోగించి క్యూబెక్ ఈ చట్టం చేసింది. దాని వల్లే 2021లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం తీవ్రమైన ఉల్లంఘన జరిగిందని చెప్పి కూడా దానిలో చాలా భాగాన్ని కొట్టివేయలేకపోయింది; 2024లో అప్పీలు కోర్టు చట్టాన్ని నిలబెట్టింది.

2021 డిసెంబరులో ఆ రాష్ట్రంలోనే చెల్సీ అనే చిన్న పట్టణంలో మూడో తరగతి ఉపాధ్యాయిని ఒకరిని హిజాబ్ కారణంగా తరగతినుంచి తప్పించి వేరే పని అప్పగించారు. పిల్లలూ తల్లిదండ్రులూ బడి కంచెకు రిబ్బన్లు, కాగితాలు కట్టి నిరసన తెలిపారు. ఆ వార్త ప్రపంచమంతా చదివింది, ఎందుకంటే ఒక మనిషిని తరగతిలోంచి బయటికి తీసుకెళ్లారు కాబట్టి. కానీ ఇలాంటి వార్తలు ఇకముందు అరుదుగానే వస్తాయి. పాత ఉపాధ్యాయినులు తమ తలవస్త్రాలతోనే పాఠాలు చెబుతారు. ప్రధానోపాధ్యాయినిగా పదోన్నతి వస్తే ఆ పని వేరు కాబట్టి రక్షణ పోతుందని తెలిసి వద్దంటారు. ఊరు మారాల్సి వస్తే మారరు. ఒక్కొక్కరుగా పదవీ విరమణ చేస్తారు, వీడ్కోలు సభ జరుగుతుంది, పూలగుత్తి ఇస్తారు. వాళ్ల ఖాళీల్లోకి వాళ్లలాంటివాళ్లు దరఖాస్తు పెట్టరు. ఎవరినీ తీసేయనక్కరలేదు, ఎవరికీ జరిమానా వేయనక్కరలేదు.